ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌ను ఇంట్లో సరిచేసుకోవడం: అర కిలో దిమ్మె, పావు తిప్పు

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదన్నది అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం. తనిఖీ బల్ల దగ్గర పిస్టల్‌ను కాక్ చేసి, అంటే పేల్చడానికి సిద్ధం చేసి, గొట్టం నిట్టనిలువుగా ఉండేటట్టు పట్టుకొని, సరిగ్గా అర కిలో తూగే దిమ్మెను ట్రిగ్గర్ మధ్యభాగానికి తగిలించి బల్ల మీద నుంచి పైకి లేపిస్తారు. దిమ్మె గాలిలోకి లేచినా ట్రిగ్గర్ జారకుండా నిలబడితే చాలు. మూడు ప్రయత్నాలకు అవకాశం ఉంటుంది. ఆ మూడింటిలోనూ నిలబడకపోతే ట్రిగ్గర్‌ను సరిచేసుకొని మళ్ళీ రావాలి. ఆడడం పూర్తయిన తర్వాత కూడా కొందరిని పిలిచి ఇదే పరీక్ష పెడతారు కాబట్టి, లోపలికి వెళ్ళే ముందు ఒక బరువు, వెళ్ళిన తర్వాత ఇంకో బరువు అన్న తెలివి ఇక్కడ పనికిరాదు.

ఒంగోలులో మా దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది మొదటి ఆరు నెలల్లోనే అడిగే ప్రశ్న ఒకటే: ట్రిగ్గర్ బరువుగా ఉంది, గరగరలాడుతోంది, తేలిక చేయవచ్చా? చేయవచ్చు. అయితే ఎంతవరకు, ఏ మరను తిప్పి, దేనిని ముట్టుకోకుండా అన్నది తెలిసి చేయాలి. ఇంట్లో ఒక చిన్న బల్ల, మంచి వెలుతురు, రెండు గంటల తీరిక ఉంటే ఈ పని ఎవరైనా శుభ్రంగా చేసుకోగలిగినదే.

ముందుగా ఇది ఏ పిస్టల్‌కు వర్తిస్తుందో స్పష్టంగా చెప్పాలి. నేను రాస్తున్నది 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను సంపీడన గాలితో వదిలే పోటీ ఎయిర్ పిస్టల్ గురించి మాత్రమే. స్టెయర్, వాల్థర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్డిని, మోరిని వంటి కంపెనీల పిస్టళ్ళకు ట్రిగ్గర్ సర్దుబాటు కోసమే బయటి నుంచి తిప్పగల మరలు ఉంటాయి. అర గ్రాముకు కాస్త ఎక్కువ బరువుండే పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెళ్ళినప్పుడు దాని శక్తి దాదాపు 6 జౌళ్ళు. 2016 నాటి ఆయుధాల నియమావళి ఎయిర్ ఆయుధాలకు పెట్టిన గీత 20 జౌళ్ళు, 4.5 మిల్లీమీటర్లు. ఈ పిస్టల్ దానిని దాటదు. తూటా పేల్చే పిస్టల్ సంగతి పూర్తిగా వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని మరమ్మతు చేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. ఆ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే పడే శిక్ష, 2019 సవరణ తర్వాత, కనీసం ఏడేళ్ళ జైలు. కాబట్టి 25 మీటర్ల పోటీకో, ఆత్మరక్షణకో లైసెన్సు పొందిన పిస్టల్ ఉన్నవారు దాని ట్రిగ్గర్ జోలికి ఇంట్లో వెళ్ళకండి. లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారు దగ్గరకే తీసుకువెళ్ళండి.

రెండో హద్దు చట్టానిది కాదు, లోహానిది. చీమకుర్తి రాయిని అద్దంలా నునుపు చేసే పనిని కళ్ళారా చూస్తూ పెరిగిన జిల్లా మనది. గరుకుగా ఉంటే అరగదీయాలన్న ఆలోచన మనకు వెంటనే వస్తుంది. రాతి పలక మీద ఒక పొర పోయినా పలకకు వచ్చే నష్టం లేదు. ట్రిగ్గర్ లోపల సుత్తిని ఆపి ఉంచే సియర్ అనే చిన్న ఉక్కు ముక్క విషయంలో లెక్క అలా ఉండదు. సుత్తి అంచు, సియర్ అంచు ఒకదానినొకటి పట్టుకొని ఉండే మేర మిల్లీమీటరులో కొంత భాగమే. చాలా పిస్టళ్ళలో ఆ అంచులకు గట్టిదనం వచ్చేది వేడి చేసి చల్లార్చిన పైపొర వల్లే. సన్న ఆకురాయితోనో, ఎమరీ కాగితంతోనో నాలుగుసార్లు రుద్దితే ఆ పొర పలచబడుతుంది, అంచు కోణం కూడా మారుతుంది. మొదటి వారం ట్రిగ్గర్ వెన్నలా జారుతుంది. ఆ తర్వాత లోపలి మెత్తని ఉక్కు అరుగుతూ పోయి, ఒక రోజు కాకింగ్ లివర్ మూయగానే, ట్రిగ్గర్ మీద వేలు కూడా లేకుండానే, పిస్టల్ పేలుతుంది. స్ప్రింగును కత్తిరించి పొట్టి చేయడమూ ఇలాంటిదే. సుత్తి, సియర్, స్ప్రింగు, ఈ మూడింటినీ అరగదీయడం, కత్తిరించడం, వంచడం చేయవద్దు. ట్రిగ్గర్ యంత్రభాగం పెట్టెను విప్పవద్దు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా చాలదనిపిస్తుంది.

గరగరకు అసలు కారణం ఎక్కడుంది?

మరలు తిప్పే ముందు రోగం ఎక్కడుందో చూడాలి. సింగరాయకొండ నుంచి వచ్చే ఒక అబ్బాయి తండ్రి ఒకసారి పిస్టల్ పెట్టె నా ముందు పెట్టి, "సార్, లోపల ఏదో పట్టేస్తోంది సార్, ట్రిగ్గర్ మొత్తం మార్పించాలేమో" అన్నారు. అది నవంబరు నెల, వారం రోజులుగా ముసురు. పిస్టల్‌ను కిటికీ వెలుతురులో పక్కకు తిప్పి చూస్తే, చెక్క గ్రిప్, అంటే పిడి, లోపలి అంచు మీద వేలిగోరంత మేర నిగనిగలాడుతూ ఒక చార కనిపించింది. తేమకు చెక్క ఉబ్బి ట్రిగ్గర్ కడ్డీకి తగులుతోంది. గ్రిప్ విప్పి, ఆ చార ఉన్నచోట చెక్కను మాత్రమే సన్న గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది, దుమ్ము తుడిచి మళ్ళీ బిగించాము. గరగర పోయింది. లోహాన్ని రుద్దవద్దని చెప్పిన నేనే చెక్కను రుద్దించానంటే కారణం ఇదే: చెక్క తగలకూడదు, లోహం తగలాలి.

కాబట్టి ఈ వరుసలో చూసుకోండి. మొదట, పిస్టల్ ఖాళీగా ఉందని మీ కళ్ళతో నిర్ధారించుకోండి. కాకింగ్ లివర్ తెరిచి, పెల్లెట్ పెట్టే చోటు చూసి, రేంజిలో వాడే నారింజ రంగు సేఫ్టీ తాడును గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు దూర్చండి. అది అవతల బయటికి వస్తే గొట్టంలో ఏమీ లేనట్టే. పెల్లెట్ల డబ్బాను వేరే గదిలో పెట్టండి. మీ మోడల్ గాలి లేకుండానే డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయనిస్తే గాలి సిలిండర్‌ను కూడా విప్పి పక్కన పెట్టండి. గొట్టం ఎప్పుడూ ఇటుక గోడ వైపే ఉండాలి. ఆ గదిలోకి పిల్లలు పరుగెత్తుకు రాకుండా తలుపు గడియ వేసుకోండి.

తర్వాత ట్రిగ్గర్ షూ, అంటే వేలు ఆనే ఆ చిన్న వంపు ముక్క, కదులుతోందేమో చూడండి. దాని మర వదులైతే ప్రతి షాట్‌కూ ట్రిగ్గర్ ఒక్కోలా అనిపిస్తుంది, మనం నేరం లోపలి యంత్రం మీద మోపుతాము. చూపుడు వేలి మొదలు గ్రిప్ చెక్కకు ఒరుసుకుంటుంటే కూడా ఇలాగే గరుకుగా తోస్తుంది. వేలికీ చెక్కకూ మధ్య వెలుతురు కనిపించాలి.

ఇవేవీ కాకపోతే మిగిలేది మురికి. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో, కొత్తపట్నం కావచ్చు, మైపాడు కావచ్చు, ఉప్పు తేమ సన్నని సందుల్లోకి చేరి, పాత నూనెతో, వేసవి దుమ్ముతో కలిసి జిగురులా గట్టిపడుతుంది. గ్రిప్ విప్పి, బయటికి కనిపించే ట్రిగ్గర్ భాగాలను మెత్తని కుంచెతో దులిపి, నూలు పోగులు ఊడని గుడ్డతో తుడవండి. సందుల్లోకి చెవిలో పెట్టుకొనే దూది పుల్ల సరిపోతుంది. ఆ తర్వాత తయారీదారు చెప్పిన నూనెను సూది మొన మీద ఒక్క బొట్టు తీసుకొని, ట్రిగ్గర్ కడ్డీ తిరిగే ఇరుసు దగ్గర మాత్రమే వేయండి. ఎక్కువ నూనె ఎక్కువ దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. సిలిండర్ మూతి, గాలి వెళ్ళే దారి, రబ్బరు వాషర్ల దగ్గరకు మామూలు ఖనిజ నూనె అసలు చేరకూడదు. 200 బార్ల ఒత్తిడిలో ఉన్న గాలి ఒక్కసారిగా నూనెను తాకితే అది అంటుకొనే ప్రమాదం ఉంది.

శుభ్రం చేశాక ఖాళీ పిస్టల్‌తో ఇరవై డ్రై షాట్లు వేసి చూడండి. నా అనుభవంలో గరగర గురించిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇక్కడితోనే తీరిపోతాయి.

అర కిలో దిమ్మె

బరువు కొలవకుండా మర తిప్పడం చీకట్లో చెయ్యి పెట్టడమే. డిజిటల్ ట్రిగ్గర్ గేజి కొనగలిగితే మంచిదే, కానీ పోటీలో చూసేది దిమ్మెతోనే కాబట్టి ఇంట్లోనూ దిమ్మె ఉండాలి. కిరాణా కొట్టులో వాడే, తూనికల శాఖ ముద్ర ఉన్న అర కిలో రాయిని తీసుకోండి. సైకిల్ చక్రపు పుల్ల లాంటి గట్టి తీగను కొక్కెంలా వంచి దానికి బిగించండి. తీగ ట్రిగ్గర్‌కు ఆనే చోట సన్నని రబ్బరు గొట్టం తొడగండి, లేకపోతే జారుతుంది. కొక్కెంతో కలిపి మొత్తం బరువును బంగారం పనివారి ఎలక్ట్రానిక్ తక్కెడ మీద తూయించండి. నెల్లూరులో ఆచారి వీధికి వెళ్ళినా, మీ ఊళ్ళో తెలిసిన కంసాలి దగ్గరకు వెళ్ళినా రెండు నిమిషాల పని. నా దిమ్మె కొక్కెంతో కలిపి 514 గ్రాములు తూగింది. దానిని అలాగే ఉంచాను, ఎందుకంటే నా పిస్టల్ 514 గ్రాములను లేపి నిలబెడితే 500 గ్రాములను తప్పకుండా నిలబెడుతుంది. ఆ 14 గ్రాములు నాకు భద్రత.

కొలిచేటప్పుడు గొట్టం నిలువుగా ఆకాశం వైపు ఉండాలి, దిమ్మె బల్ల మీద ఆని ఉండాలి, అక్కడి నుంచి నెమ్మదిగా, కుదుపు లేకుండా పైకి లేపాలి. సిలిండర్ విప్పని మోడల్ అయితే, గొట్టంలో ఏమీ లేదని మరోసారి చూసుకొని, పై అంతస్తులో ఎవరూ లేనప్పుడు చేయండి. కొక్కెం ట్రిగ్గర్ మధ్యలోనే తగలాలి. ట్రిగ్గర్ పైభాగాన ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి, కొక్కెం కొస వైపుకు జారితే మీట పొడవు పెరిగి, అదే ట్రిగ్గర్ తక్కువ బరువుకే వదిలేస్తుంది. నీళ్ళు తోడే ఏతాం పట్టుకొన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట ఒక రాష్ట్ర స్థాయి పోటీకి ముందు రాత్రి, వేలికి తేలికగా ఉంటుందని ఒక మరను తిప్పి, కొలవకుండా పెట్టెలో పెట్టేశాను. తెల్లవారి తనిఖీ బల్ల దగ్గర మూడుసార్లూ దిమ్మె లేవకముందే ట్రిగ్గర్ టిక్‌మని వదిలేసింది. బయటికి వచ్చి, వణికే చేతులతో అదే మరను వెనక్కి తిప్పి, నాలుగోసారి పరీక్ష నెగ్గాను. కానీ ఆ ట్రిగ్గర్ నా వేలికి పరాయిదైపోయింది. మొదటి పది షాట్లలో రెండు ఆరో వలయంలోకి పోయాయి. పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే ఉన్న లక్ష్యం మీద, వేలికి అలవాటు లేని 30 గ్రాములు ఎంత చేస్తాయో ఆ రోజు అర్థమైంది. పోటీకి ముందు వారం రోజుల లోపల ట్రిగ్గర్ మరలను ముట్టుకోకూడదన్నది అప్పటి నుంచి నా నియమం.

మరలు తిప్పే వరుస

పోటీ పిస్టల్ ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది. వేలు ఆనించి వెనక్కి తీస్తే కొంత దూరం స్ప్రింగు మీద మెత్తగా వస్తుంది, ఇది మొదటి దశ. తర్వాత ఒక గోడ తగిలినట్టు ఆగుతుంది, దీనినే ప్రెషర్ పాయింట్ అంటారు. ఆ గోడ మీద ఇంకాస్త ఒత్తిడి పెరిగితే ట్రిగ్గర్ వదులుతుంది, ఇది రెండో దశ. తనిఖీలో చూసేది రెండూ కలిసిన మొత్తాన్ని. చాలామందికి తెలియని మేలు ఇక్కడే ఉంది: మొత్తం 500 దాటి ఉంచుతూనే, అందులో ఎక్కువ భాగాన్ని మొదటి దశకు ఇచ్చేస్తే, చివరన గురి చూస్తూ వేలు పెంచవలసిన ఒత్తిడి చాలా కొద్దిగా మిగులుతుంది. నియమం మీరకుండానే ట్రిగ్గర్ తేలికవుతుంది. మొదటి దశకు 400, రెండో దశకు 115 గ్రాములు అన్న పంపకం నాకు నచ్చినది. కొత్తగా నేర్చుకొనేవారికి మాత్రం నేను 360, 155 దగ్గర పెడతాను, ఎందుకంటే గోడ ఎక్కడుందో వారి వేలికి ఇంకా స్పష్టంగా తెలియాలి. మరీ పలచని రెండో దశ పెడితే చెయ్యి ఊగుతున్నప్పుడే షాట్ వెళ్ళిపోయి, పిల్లలు ట్రిగ్గర్‌కు భయపడడం మొదలుపెడతారు.

మీ పిస్టల్‌తో వచ్చిన పుస్తకంలో ఏ మర దేనిదో బొమ్మతో ఉంటుంది. దానిని బల్ల మీద తెరిచి పెట్టుకోండి, ఎందుకంటే ఒక కంపెనీలో బిగిస్తే బరువు పెరిగే మర, ఇంకో కంపెనీలో ఇంకో పని చేయవచ్చు. ముట్టుకొనే ముందు ప్రతి మరకూ దగ్గరి నుంచి ఫోటో తీయండి. పూర్తిగా లోపలికి ఎన్ని తిప్పులు పడుతుందో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకొని, మళ్ళీ ఉన్నచోటికి తేండి. కొన్ని మోడళ్ళలో మరను చివరిదాకా బిగించవద్దని పుస్తకమే చెబుతుంది, అక్కడ ఫోటోతో సరిపెట్టుకోండి. సరైన కొలత అలెన్ కీ మాత్రమే వాడండి. అరిగిన కీ మర తలను తినేస్తుంది, ఆ తర్వాత ఏ సర్దుబాటూ ఉండదు.

మొదట ట్రిగ్గర్ వదిలిన తర్వాత ఎక్కడ ఆగాలో చెప్పే స్టాప్ మరను రెండు తిప్పులు వెనక్కి తీయండి, అది మిగిలిన కొలతలకు అడ్డం రాకూడదు. తర్వాత మొదటి దశ బరువు మర. పావు తిప్పు తిప్పి, పది డ్రై షాట్లు వేసి, దిమ్మె లేపి చూసి, పుస్తకంలో రాయండి. మళ్ళీ పావు తిప్పు. ఒకేసారి రెండు మరలు తిప్పకండి, ఏది ఏమి చేసిందో తెలియకుండా పోతుంది. మొదటి దశ ఒక్కదానినే కొలవాలంటే, చిన్న ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోస్తూ ట్రిగ్గర్‌కు వేలాడదీసి, ట్రిగ్గర్ గోడ దాకా వచ్చి ఆగిన చోట సీసాను తూయండి. మా పిల్లలకు ఈ నీళ్ళ సీసా పద్ధతి ఎంతో ఇష్టం.

రెండో దశ బరువు మరను కూడా ఇలాగే సరిచేశాక ప్రెషర్ పాయింట్ మర. ఇది సియర్ ఎంత మేర పట్టుకొని ఉందో మారుస్తుంది కనుక అన్నింటికన్నా జాగ్రత్త కోరేది ఇదే. గోడ తర్వాత ట్రిగ్గర్ ఇంకా కాస్త ఈడ్చుకుంటూ పోయి వదులుతుంటే, ఇసుకలో కాలు ఈడ్చినట్టుండే ఆ ప్రయాణాన్ని ఈ మర తగ్గిస్తుంది. పావు తిప్పు కూడా ఎక్కువే, ఎనిమిదో వంతు తిప్పండి. గోడ పూర్తిగా మాయమైందంటే మీరు దాటిపోయారు, వెనక్కి రండి. చివరగా స్టాప్ మరను, ట్రిగ్గర్ వదలడం ఆగిపోయేదాకా నెమ్మదిగా బిగించి, అక్కడి నుంచి అర తిప్పు వెనక్కి తీయండి. ఇది మరీ బిగుతుగా ఉంటే సియర్ పూర్తిగా తప్పుకోదు, షాట్ల వేగం ఒకేలా ఉండదు.

అంతా అయ్యాక చేయవలసిన పరీక్షను ఎవరూ వదిలిపెట్టకూడదు. పెల్లెట్ లేకుండా కాక్ చేసి, లివర్‌ను మామూలుకన్నా కాస్త గట్టిగా ఇరవైసార్లు మూయండి. కాక్ చేసిన పిస్టల్ గ్రిప్ అడుగును అరచేత్తో తట్టండి. మొదటి దశను గోడ దాకా తెచ్చి వేలు వదిలేయండి, ట్రిగ్గర్ పూర్తిగా ముందుకు రావాలి, మళ్ళీ తీస్తే గోడ అదే చోట తగలాలి. ఇన్నిసార్లలో ఒక్కసారి తనంతట తాను వదిలినా ప్రెషర్ పాయింట్ మరను వెనక్కి తిప్పి మొదటి నుంచి చూడండి. మరలు మొదటి స్థానానికి తెచ్చినా అలాగే వదులుతుంటే, ఆ పిస్టల్‌లో పెల్లెట్ పెట్టకుండా కంపెనీ సర్వీసుకు పంపండి.

వేలి పని

ఎంత చక్కగా సర్దిన ట్రిగ్గర్ అయినా పక్కకు లాగే వేలికి గరుకుగానే ఉంటుంది. చూపుడు వేలి మొదటి కణుపుకూ కొసకూ మధ్య ఉన్న మెత్తని భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి, ఒత్తిడి గొట్టానికి సమాంతరంగా తిన్నగా వెనక్కి రావాలి. సున్నం వేసిన ఖాళీ గోడ ముందు మీటరు దూరంలో నిలబడి, లక్ష్యం ఏమీ లేకుండా, ముందు సైట్ (గొట్టం కొసన గురి చూసే ముక్క) అంచును మాత్రమే చూస్తూ డ్రై షాట్ వేయండి. గోడ మీద వలయం లేదు కాబట్టి కన్ను మొత్తం సైట్ మీదే ఉంటుంది. ట్రిగ్గర్ వదిలిన క్షణంలో, వెనక సైట్ గాడిలో నల్లని ముందు సైట్‌కు రెండు వైపులా ఉన్న తెల్లని సందులు సమానంగా ఉండిపోతే వేలు సరిగా పనిచేసినట్టు. కుడి సందు సన్నబడితే సైట్ కుడికి జరిగింది, అంటే వేలు కొక్కెంలా లాగుతోంది. ఎడమ సందు సన్నబడితే వేలు తోస్తోంది. ఎడమచేతి వాటం వారికి ఇది తారుమారవుతుంది. చెయ్యి ఎత్తి కిందికి దించేటప్పుడే మొదటి దశను పూర్తిగా తీసేయాలి. ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ వెళ్ళకపోతే చెయ్యి దించేయాలి. రోజుకు పావుగంట, నలభై షాట్లు చాలు. పారిస్‌లో 2024లో రెండు కాంస్యాలు గెలిచిన మను భాకర్ వాడినదీ ఈ 500 గ్రాముల నియమానికి లోబడిన ట్రిగ్గరే.

రెండు వారాలు ఇలా చేశాక రేంజికి వెళ్ళి, కంటికి రక్షణ కళ్ళజోడు పెట్టుకొని, పెల్లెట్లతో కాల్చి చూడండి. అప్పటికీ మార్చాలనిపిస్తే నోటు పుస్తకం తెరిచి, ఒక మరను, పావు తిప్పు. రోహిణీ కార్తె ఎండల్లోనూ, నవంబరు ముసురులోనూ ఒకసారి దిమ్మె లేపి చూసుకొని తేదీతో రాసి పెట్టుకోండి. పోటీకి బయలుదేరే రోజు కొక్కెంతో సహా ఆ దిమ్మెను పిస్టల్ పెట్టెలోనే సర్దుకోండి.